భీమవరం: జనం పెరగని ఊళ్లో వ్యాపారం ఎలా పెరుగుతోంది

క్లుప్తంగా

2001 నుంచి 2011 వరకు భీమవరం జనాభా నాలుగు శాతం కూడా పెరగలేదు. ఊళ్లో వ్యాపారం, స్థలాల ధరలు, కాలేజీలు, ఆస్పత్రులు మాత్రం అప్పుడూ ఆ తర్వాతా పెరుగుతూనే వచ్చాయి. ఈ రెండింటికీ కారణం చాలావరకు ఒకటే. గోదావరి డెల్టాలో భూమి మీద రాబడి తినడానికి మనిషి ఊళ్లోనే ఉండాల్సిన పని తప్పింది. పిల్లలు తగ్గడం, వరి చేలు చేపల, రొయ్యల చెరువులు కావడం, చదువుకున్నవాళ్లు బయటికి వెళ్లడం ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగాయి.

పదేళ్లకు అయిదు వేలు

జనాభా లెక్కల ప్రకారం భీమవరం మున్సిపాలిటీలో 2001లో సుమారు 1.37 లక్షల మంది, 2011లో 1.42 లక్షల మంది ఉన్నారు. పదేళ్లలో కలిసింది అయిదు వేలకు అటూఇటూ. శివార్లు కలిపి చూసినా 2011 లెక్క 1.47 లక్షలు దాటదు. అదే పదేళ్లలో దేశ జనాభా 17 శాతానికి పైగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 11 శాతం పెరిగాయి. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మొత్తం 38.03 లక్షల నుంచి 39.37 లక్షలకు వచ్చింది. అంటే 3.5 శాతం. ఏటి అవతల తూర్పు గోదావరి కాస్త నయం, 5 శాతం. భీమవరం ఒక్కటే ఆగిపోలేదు, డెల్టా అంతా దాదాపు అలాగే ఉంది.

ఈ అంకెలో ఎంత భాగం పిల్లలు తగ్గడం వల్ల, ఎంత భాగం మనుషులు వెళ్లిపోవడం వల్ల? దీనికి చిన్న లెక్క ఉంది. ఆ రోజుల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఏటా ప్రతి వెయ్యి మందికి పుట్టుకలు చావుల కన్నా పది దాకా ఎక్కువ ఉండేవి. ఆ లెక్కన ఎవరూ రాకుండా, పోకుండా ఉంటే పదేళ్లలో జనాభా పది శాతం పెరగాలి. డెల్టాలో పుట్టుకలు సగటు కన్నా తక్కువే కాబట్టి ఆరేడు శాతం అనుకున్నా, పెరిగింది అందులో సగమే. మిగతా సగం ఊరు దాటిపోయినట్టే. పల్లెల నుంచి వచ్చి ఊళ్లో స్థిరపడినవాళ్లు కూడా ఉంటారు కనుక, వెళ్లినవాళ్లు ఈ లెక్క చూపించే దాని కన్నా ఎక్కువే.

ఇంకో ఆనవాలు ఆడ, మగ లెక్క. 2011లో పశ్చిమ గోదావరిలో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 1,004 మంది ఆడవాళ్లు. భీమవరం ఊళ్లో కూడా వెయ్యి దాటింది. పని వెతుక్కుంటూ మగవాళ్లు వచ్చి చేరే నగరాల్లో ఇది వెయ్యికి తక్కువ ఉంటుంది. హైదరాబాద్ జిల్లాలో అదే ఏడాది 954. మనుషుల్ని పంపే ఊరికీ, చేర్చుకునే ఊరికీ తేడా ఈ ఒక్క అంకెలో చాలావరకు తెలుస్తుంది.

ఇంటికి ఇద్దరు, తర్వాత ఒక్కరు

ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7 అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పట్టణాల్లో అది 1.5కి దగ్గర. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. పెళ్లయిన ఆడవాళ్లలో పదింట దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్రం ఇది. రెండో కాన్పు కాగానే ఆపరేషన్ అన్నది ఇక్కడ ఒక తరానికి మామూలు విషయమైపోయింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన కూడా పెట్టారు. ఇద్దరి కన్నా ఎక్కువ ఉంటే స్థానిక ఎన్నికల్లో నిలబడే వీల్లేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, పిల్లలు మరీ తగ్గిపోతున్నారని అదే నిబంధనను ఎత్తేశారు.

డెల్టాలో దీనికి తోడు భూమి లెక్క ఒకటుంది. అయిదెకరాలు నలుగురికి పంచితే ఎవరికీ ఏమీ మిగలదని ఇక్కడి కుటుంబాలకు ముందే తెలుసు. పిల్లల్ని తగ్గించి, ఉన్న ఒక్కరికో ఇద్దరికో చదువు మీద ఖర్చు పెట్టారు. భీమవరంలో డి.ఎన్.ఆర్. కాలేజీ 1945 నాటిది. ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ 1980లో వచ్చింది. రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడే ఈ ఊరికి ఒకటుంది. ఆ చదువుకు సరిపడే ఉద్యోగాలు ఊళ్లో లేవు, అప్పుడూ ఇప్పుడూ. చదివించడం అంటే పంపించడమే అయింది.

నీరు వచ్చే దారి, పోయే దారి

భీమవరం డబ్బు సంగతి తెలియాలంటే నీళ్ల సంగతి తెలియాలి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. ఆ నీటి కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు. పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర నీళ్లు వదులుతారు. ఆ కాలువలు దిగువకు వచ్చేసరికి భీమవరం, ఉండి, ఆకివీడు, మొగల్తూరు వస్తాయి. చివరి భూములు కనుక సార్వాకు (వానాకాలం వరికి) వానలు పడితే ముంపు, దాళ్వాకు (రెండో పంట వరికి) నీళ్లు తగ్గితే ఎద్దడి. రెండు కష్టాలూ వీటికే.

వరికి ఇక్కడ కష్టం నీళ్లు తేవడంలో కన్నా పోనివ్వడంలో ఎక్కువ. భూమి చదును, సముద్రం దగ్గర. మురుగు పోవడానికి యనమదుర్రు డ్రెయిన్, ఉప్పుటేరు లాంటివే దారి. అవి పూడితే అక్టోబరు తుపానుకు కోతకు వచ్చిన చేను నీళ్లలో పడుకుంటుంది. పక్కనే మారుటేరు పరిశోధనా కేంద్రం నుంచి స్వర్ణ లాంటి వరి రకాలు దేశమంతా వెళ్లాయి. విత్తనం పుట్టిన చోటే రైతుకు వరి గిట్టకపోవడం విచిత్రమే. గిట్టక 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ఏకంగా పంట విరామం ప్రకటించారు. మురుగు నీటి ముంపు, కూలీల కొరత, అమ్ముకునే దగ్గర ఇబ్బందులు అప్పుడు వాళ్లు చెప్పిన కారణాలు.

ఇలాంటి పల్లపు భూమి వరికి ఎంత ఇబ్బందో చెరువుకు అంత అనుకూలం.

చెరువు లెక్క

ముందు వచ్చింది చేపలు. కొల్లేరు చుట్టూ శీలావతి, బొచ్చె పెంచి, ఐసు వేసి లారీల్లో కోల్‌కతా వైపు పంపే వ్యాపారం 1980ల నుంచి బలపడింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. రెండు మూడేళ్లు బంగారం పండించి, 1994–95లో తెల్లమచ్చ వైరస్‌తో కూలింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2006లో కొల్లేరులో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల కొట్టివేత ఒక్కొక్కటే వచ్చాయి. ఇప్పటి భీమవరాన్ని తయారు చేసింది మాత్రం 2009లో అనుమతి వచ్చిన వనామీ రొయ్య. ఉప్పు తక్కువున్న నీళ్లలో కూడా పెరుగుతుంది కాబట్టి సముద్రానికి దూరంగా, ఉండి, ఆకివీడు దాకా చేలు చెరువులయ్యాయి. దేశంలో సాగు చేసే రొయ్యల్లో మూడింట రెండు వంతులకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. అందులో ఉమ్మడి గోదావరి జిల్లాల వాటా పెద్దది.

చెరువు పని తీరు వరి కన్నా పూర్తిగా వేరు. ఎకరానికి లక్ష, కొందరు అంతకు మించి రొయ్య పిల్ల వదులుతారు. మూడు నాలుగు నెలల్లో పట్టుబడి, అంటే రొయ్యల్ని పట్టి అమ్మడం. కిలోకు ఎన్ని తూగితే అది కౌంట్. 100 కౌంట్ అంటే ఒక్కో రొయ్య పది గ్రాములు, 30 కౌంట్ అంటే ముప్పై గ్రాములు దాటినది. కౌంట్ తగ్గే కొద్దీ ధర పెరుగుతుంది. కానీ ఆ ముప్పై గ్రాములకు ఇంకో నెల పైగా మేత వెయ్యాలి, కరెంటు కాల్చాలి, జబ్బు రాకుండా కాపాడుకోవాలి. ఖర్చులో సగానికి పైగా మేతే. రాత్రుళ్లు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిరక్కపోతే తెల్లారేసరికి సరుకు చచ్చి తేలిపోతుంది. అందుకే ఆక్వా కరెంటు యూనిట్ రూ. 1.50 అన్న రాయితీ ఇక్కడ ఎన్నికల విషయం. ఆ రాయితీ ఆక్వా సాగుకు గుర్తించిన జోన్ లోపల ఎవరికి, ఎన్ని ఎకరాల దాకా అన్నది ఇంకా పెద్ద విషయం.

ఊరి బతుకును మార్చింది చెరువు ఇచ్చే లాభం కన్నా లీజు పద్ధతి. వరికి కౌలు పంట చేతికొచ్చాక బస్తాల్లో ముడుతుంది. యజమాని కళ్లం దగ్గర ఉండాలి, లేకపోతే నమ్మకస్తుడైనా ఉండాలి. చెరువు లీజు డబ్బు రూపంలో, చాలాచోట్ల ముందే ముడుతుంది. పంట పోయినా, వైరస్ తగిలినా నష్టం సాగు చేసేవాడిది. వరి కౌలు కన్నా చెరువు లీజు కొన్ని రెట్లు ఎక్కువ కూడా. కాబట్టి మూడెకరాలున్న మనిషి కూకట్‌పల్లిలో ఫ్లాట్‌లో కూర్చుని భూమి రాబడి తీసుకోవచ్చు. వెళ్లడానికి వరి అడ్డమైతే, చెరువు దారి ఇచ్చింది. జనాభా నిలిచిపోవడానికీ, డబ్బు ఆగకపోవడానికీ ఉన్న లంకె ఇక్కడుంది.

రెండో వైపు కూలీల సంగతి. వరిలో ఊడ్పు, కలుపు ఆడవాళ్ల పనులు. చెరువులో ఆ పనులు లేవు. కొన్ని ఎకరాలకు ఒక కాపలాదారు చాలు. ఆ కాపలాకు ఉత్తరాంధ్ర, ఒడిశా నుంచి వచ్చి గట్టు మీద షెడ్డులోనే కాపురం ఉండేవాళ్లు ఎక్కువ. స్థానిక ఆడవాళ్లకు బదులుగా దొరికింది ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసే పని, పొట్టు వలిచే పని. కంపెనీ బస్సు పొద్దున్నే ఊరికి వస్తుంది. పని ఉన్న రోజు కూలి ఉంది, చెరువులు ఖాళీగా ఉన్న నెలల్లో లేదు.

ఈ పనులు చాలావరకు మున్సిపాలిటీ గీత బయట జరుగుతాయి. చెరువు ఒక పంచాయతీలో, ప్లాంటు ఇంకో పంచాయతీలో, కాపలాదారు ఏ లెక్కలోనూ పడని షెడ్డులో. మేత డీలరు, మందుల కొట్టు, ల్యాబు, ఏరేటర్ మోటార్ల రిపేరు, బ్యాంకు, బంగారం షాపు మాత్రం భీమవరంలో. 1.42 లక్షల జనాన్ని చూసి ఈ ఊరి వ్యాపారాన్ని అంచనా వేస్తే అందుకే తప్పు వస్తుంది. ఇక్కడ కొనేవాళ్లలో చాలామంది ఈ ఊరివాళ్లు కాదు.

ధర తేలేది ఎక్కడో

2024–25లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ సుమారు రూ. 62,400 కోట్లు. అందులో రూ. 43,300 కోట్లకు పైగా గడ్డకట్టించిన రొయ్యలే. అందరికన్నా ఎక్కువ కొనేది అమెరికా. 2025 ఆగస్టులో భారత సరుకు మీద అమెరికా సుంకం ముందు 25 శాతానికి, అదే నెల 27న 50 శాతానికి చేరింది. అప్పటికే రొయ్యల మీద ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలు అందుతున్నాయని వేసేది) సుంకాలు దీనికి అదనం. పోటీదారు ఈక్వెడార్‌కు అప్పుడు పడింది 15 శాతం. పైగా ఆ దేశం అమెరికాకు దగ్గర.

ఈ దెబ్బ చెరువు గట్టుకు చేరిన తీరు గమనించదగ్గది. సుంకం పడింది ఎగుమతిదారు మీద. అతను కొనే ధర తగ్గించాడు. పెద్ద కౌంట్లకు అమెరికానే ఎక్కువ గిరాకీ కనుక ముందు వాటి ధర జారింది. 30, 40 కౌంట్ కోసం ఆగినవాళ్లు తొందరపడి ముందే పట్టుబడి చేస్తే చిన్న కౌంట్ సరుకు ఒక్కసారిగా మార్కెట్‌లో పడుతుంది, దాని ధరా తగ్గుతుంది. మేత చాలామందికి అప్పు మీద వస్తుంది కాబట్టి డీలరు బాకీ నిలిచిపోతుంది. డీలరు బాకీ నిలిస్తే రెండు మూడు నెలల్లో ఊళ్లో షాపులకు తెలుస్తుంది. భూమి యజమాని లీజు మాత్రం ముందే ముట్టింది, ఆ ఏడాదికి అతనికి టెన్షన్ లేదు. తర్వాతి ఏడాది లీజు రేటు బేరానికి వచ్చినప్పుడే అతని వంతు.

వరి మీద బతికినప్పుడు ధరకు ప్రభుత్వ మద్దతు ధర అనే అడుగు ఒకటి ఉండేది. అది చాల్లేదన్న మాట వేరు. రొయ్యకు అలాంటి అడుగు లేదు. రాష్ట్రం 2020లో ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం తెచ్చి సీడ్, మేత, ధరల మీద పర్యవేక్షణ పెట్టింది. ఇలాంటి సంక్షోభాల్లో కొనుగోలుదారులను పిలిచి రేట్లు ప్రకటించడం మామూలైంది. ప్రకటించిన రేటుకు కొనకపోతే ఏమిటన్నదే రైతుల ప్రశ్న.

వెళ్లినవాళ్ల డబ్బు

డెల్టా నుంచి బయటికి వెళ్లే దారులు ప్రధానంగా మూడు. ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్, బెంగళూరు, అక్కడి నుంచి అమెరికా వెళ్లేవాళ్లు ఒకరు. పెట్టుబడితో హైదరాబాద్ వెళ్లి రియల్ ఎస్టేట్, పరిశ్రమలు, సినిమాల్లో పెట్టినవాళ్లు ఇంకొకరు. భీమవరం పక్క కుముదవల్లిలో పుట్టి రాశి సిమెంట్ పెట్టిన బి.వి. రాజు ఆ తరానికి పెద్ద ఉదాహరణ. తర్వాత ఆయన పేరు మీద ఇక్కడ కాలేజీలు కూడా వచ్చాయి. మూడో దారి గల్ఫ్. భూమి లేని కుటుంబాల నుంచి, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇంటి పనికి కువైట్, ఖతార్, మస్కట్ వెళ్తారు. వరిలో ఊడ్పు పని తగ్గిన పల్లెలూ, గల్ఫ్‌కు ఆడవాళ్లు ఎక్కువగా వెళ్లే పల్లెలూ చాలాచోట్ల అవే.

మూడు దారుల డబ్బూ ఒక్కలా ఖర్చు కాదు. గల్ఫ్ డబ్బు నెలనెలా వచ్చి అప్పు తీర్చడానికి, పిల్లల ఫీజులకు, డాబా ఇంటికి పోతుంది. అమెరికా డబ్బు స్థలంగా, అపార్ట్‌మెంట్‌గా మారి తాళం వేసి ఉంటుంది. ఆ ఇళ్లలో ఎవరైనా ఉంటే వృద్ధులైన తల్లిదండ్రులు. అందుకే ఊళ్లో పెరుగుతున్న వ్యాపారాలు కొన్ని ముసలివాళ్ల అవసరాలవి. గుండె, కీళ్ల ఆస్పత్రులు, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబులు, కర్రీ పాయింట్లు, రాత్రి తోడు ఉండే ఆయాలు. పిల్లల జనాభా తగ్గుతున్న చోట ప్రైవేటు స్కూలు బస్సులు చూస్తే ఇది నమ్మబుద్ధి కాదు. కానీ ఆ బస్సుల్లో చాలామంది చుట్టుపక్కల ముప్పై కిలోమీటర్ల పల్లెల పిల్లలు.

ఇక సంక్రాంతి. కోడిపందేలు చట్టవిరుద్ధం, ఏటా కోర్టు ఆదేశాలూ వస్తాయి, పందేలూ జరుగుతాయి. ఆ మూడు రోజులు ఊళ్లో లాడ్జి గది దొరకదు.

పక్క ఊళ్లతో పోలిస్తే

డెల్టాలో ప్రతి ఊరికీ ఒక ఆధారం ఉంది. కాకినాడకు పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు, ఆఫీసులు. రాజమహేంద్రవరానికి రైలు వంతెనలు, పేపరు మిల్లు, ఓఎన్‌జీసీ, హోల్‌సేల్ బట్టల వ్యాపారం. రెండూ మూడు లక్షలు దాటిన నగరాలు. తాడేపల్లిగూడెం మెయిన్ లైను మీద, హైవే మీద ఉన్న సరుకుల మార్కెట్, 2015 నుంచి ఎన్‌ఐటీ. అమలాపురానికి కొబ్బరి. నరసాపురానికి అల్లికల లేసు. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చేతిపని చేసే ఆడవాళ్ల కూలి మాత్రం ఇంకా తక్కువే.

భీమవరానికి పోర్టు లేదు, పెద్ద ఫ్యాక్టరీ లేదు. విజయవాడ–విశాఖ మెయిన్ లైను ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోతుంది. భీమవరం గుడివాడ నుంచి నిడదవోలుకు పోయే లూప్ లైన్ మీద ఉంది. పామర్రు–దిగమర్రు జాతీయ రహదారి 165 ఊరి మీదుగా వెళ్తుంది. ఇలాంటి ఊరు లక్షన్నర జనంతో ఇంత వ్యాపారం చేయడానికి చుట్టూ ఉన్న నీళ్లే కారణం. బలహీనత కూడా అదే. కాకినాడలో ఒక రంగం పడిపోతే ఇంకోటి ఉంటుంది. ఇక్కడ బ్యాంకు, బంగారం, బట్టలు, కార్ల షోరూములు అన్నీ చివరికి ఒకే సరుకు ధర మీద ఆధారపడ్డవి.

కలెక్టరాఫీసు వచ్చాక

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు భీమవరం కొత్త పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. పార్లమెంటు నియోజకవర్గం పేరు నరసాపురం కాబట్టి కేంద్రం కూడా అక్కడే ఉండాలని ఆ ఊళ్లో ఆందోళన జరిగింది. 2011 లెక్కల ప్రకారం కొత్త జిల్లా జనాభా 17.8 లక్షలు, విస్తీర్ణం 2,200 చదరపు కిలోమీటర్ల లోపు. ఎటు వెళ్లినా ఊరు తర్వాత ఊరే.

జిల్లా కేంద్రం కావడం వల్ల ఊరికి దక్కేది ప్రధానంగా నెల జీతం. ఆఫీసులు, ఉద్యోగుల అద్దె ఇళ్లు, పని మీద వచ్చేవాళ్ల ఖర్చు. రొయ్య ధరతో సంబంధం లేని ఆదాయం ఊళ్లోకి రావడం మంచిదే. కానీ దాని పరిమాణం ఆక్వాతో పోల్చదగ్గది కాదు.

మంచినీళ్ల ఖర్చు

దిగువ డెల్టాలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. తాగడానికి కాలువ నీళ్లే గతి. వేసవిలో దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు. అంతకుముందే చెరువులు నింపుకుని జూన్ దాకా సర్దుకోవాలి. వరి చేల మధ్య ఉప్పునీటి చెరువు వస్తే పక్క చేనుకు ఉప్పు ఊరుతుంది, పంచాయతీ చెరువుకూ ఊరుతుంది. ఊళ్లోంచి పోయే యనమదుర్రు డ్రెయిన్‌లో మురుగునీరు, పల్లెల వ్యర్థాలు అన్నీ కలుస్తాయి. 2016లో తుందుర్రు దగ్గర ఆక్వా ఫుడ్ పార్కుకు వ్యతిరేకంగా పల్లెల జనం రోడ్డెక్కినప్పుడు వాళ్లు చెప్పిన భయం కూడా కాలువలు పాడవుతాయన్నదే. రొయ్య మీద వచ్చే రాబడి కొందరికి ఎకరాల లెక్కన పోతుంది. మంచినీళ్ల డబ్బా ఖర్చు మాత్రం తలకింత లెక్కన అందరూ పెట్టుకుంటున్నారు. ఈ ఖర్చు ఎగుమతి లెక్కల్లో కనపడదు.

2027 లెక్కలో ఏం తేలుతుంది

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కొత్త లెక్కకు ఆధార తేదీ 2027 మార్చి 1 అని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. అప్పటిదాకా మంచినీళ్ల పథకాలైనా, పారిశుద్ధ్య సిబ్బంది అంచనాలైనా 2011 అంకె దగ్గరే మొదలవ్వాలి. ఆ లెక్క తీసేనాటికి వనామీ వచ్చి రెండేళ్లే. జిల్లా కేంద్రం అన్న మాటే లేదు.

కొత్త అంకె కోసం చూసేటప్పుడు మొత్తం జనాభా కన్నా మూడు గడులు ముఖ్యం. అరవై దాటినవాళ్ల వాటా ఎంత, తాళం వేసి ఉన్న ఇళ్లు ఎన్ని, చినఅమిరం, రాయలం లాంటి పక్క పంచాయతీలు ఎంత పెరిగాయి. ఊరు పెరుగుతోందంటే చాలావరకు అటువైపే, మున్సిపాలిటీ గీత దాటి. మనుషుల్ని లెక్కించేది 2027 ఫిబ్రవరిలో. లెక్క రాసుకునే ఎన్యూమరేటర్లు తలుపు తట్టేసరికి సంక్రాంతికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోయి ఉంటారు.